యాభై రెండో సీసా

పోయిన వారం మిమ్మల్ని కర్నూలులో ఒక చెక్కపెట్టె ముందర కూర్చోబెట్టి వదిలేశాను. మరిచిపోయిన వాళ్ళకూ, పత్రిక ఈ వారమే చేతికి తీసుకున్న వాళ్ళకూ జరిగింది మళ్ళీ చెబుతాను. అదేమీ నాకు కష్టం కాదు. ఎనిమిదేళ్ళుగా నాలో నేను చెప్పుకుంటున్నదే.

నా పేరు హనుమక్క. మా నాయన లక్ష్మన్న ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి నుంచి గింజ తీసే మిషను దగ్గర పనిచేసేవాడు. దుమ్ము గొంతులోకి దిగకుండా ఆపుతుందని ఆ మిల్లులో అందరూ పొగాకు, సున్నం నలిపి దవడన పెట్టుకునేవారు. డెబ్బై ఆరులో, ఎమర్జెన్సీ నడుస్తున్న రోజుల్లో, కర్నూలు నుంచి ఒక సర్వే వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించి సీసాలో ఉమ్మాలి. ఆ ఉమ్ములో నోటి లోపలి కణాలు రాలి ఉంటాయి. వాటిని గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే నోటి కాన్సరును పుండు పడకముందే పట్టుకోవచ్చు. మిల్లులో అరవై మంది ఉమ్మారు. నాయన నంబరు ముప్పై ఏడు. ఆ పొద్దు ఆయన వేపపుల్లతో రెండుసార్లు పళ్ళు తోముకున్నాడు. సర్కారుకు చూపించే నోరు శుభ్రంగా ఉండాలని.

రెండు నెలలకు చీటీ వచ్చింది. 'దోషం లేదు' అని రాసి, కింద ముద్ర. నాయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పేటంతా తిరిగాడు. చదువు రాదు గనక కనబడిన ప్రతివాడి చేతా చదివించుకున్నాడు. సాయంత్రం కొత్త పొగాకు కట్ట తెచ్చుకుని గడపలో కూర్చున్నాడు. సున్నపు డబ్బీ పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ నా పని. మూత తీసి పట్టుకున్నాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.

ఏడాది తిరిగేసరికి దవడ లోపల తెల్లగా పొర కట్టింది. అమ్మ ఆస్పత్రికి పొమ్మంటే చీటీ చూపించాడు. పొర మధ్యలో ఎర్రబడితే చీటీ చూపించాడు. పుండు పడితే, పత్తి సీజను అయిపోయినాక పోతాలే అన్నాడు, చీటీ మాత్రం జేబులోనే ఉంది. ఆ చీటీ అబద్ధమని ఆయన నమ్మేసరికి కర్నూలు డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. నలభై నాలుగేళ్ళకు పోయాడు. చివరి నెల గంజి కూడా దిగలేదు. ఆ అరవై మందిలో ఇదే రోగంతో పోయినవాళ్ళు నాయనతో కలిపి నలుగురు.

నేను ల్యాబ్ టెక్నీషియను చదివింది దేశసేవకు కాదు. ఆ స్లైడును ఒకసారి నా కళ్ళతో చూడాలని చదివాను. ఇప్పుడు రెండో సర్వే మొదలవుతోంది, అందులోనే నాకు ఉద్యోగం దొరికింది. మా డాక్టరమ్మ పాత పెట్టెలు దులపమంది. ముప్పై ఏడో స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను. పోయిన వారం సరిగ్గా అక్కడ ఆపాను. ఆ స్లైడు మీద ఉన్నది మా నాయన నోరు కాదు, ఒక ఆడమనిషి నోరు.

ఎట్లా తెలుసని కొందరు ఉత్తరాలు రాశారు. చెబుతాను. కణం నడుమ గింజలాంటిది ఒకటి ఉంటుంది. ఆడవాళ్ళ కణాలు కొన్నింటిలో ఆ గింజ అంచుకు ఆనుకుని, గోడకు అంటుకున్న చీమలాగా, ఒక నల్లచుక్క కనబడుతుంది. మగవాళ్ళకు ఉండదు. డాక్టరమ్మ మాకు నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి.

నాలుగు రోజులు కూర్చుని అరవై స్లైడ్లూ చూశాను. అరవైలోనూ చుక్క ఉంది. ఒక్కదాంట్లోనైనా పత్తినూగు లేదు. జిన్నింగు మిల్లువాడి నోట్లో పత్తినూగు లేకపోవడం కంటే వింత ఇంకోటి ఉండదు. దానికి బదులు అన్నింటిలోనూ సన్నని గోధుమరంగు రవ్వలు, పళ్ళకు రుద్దుకునే నశ్యం పొడివి. చివరి నంబర్లకు వచ్చేకొద్దీ కణాలు పలచబడ్డాయి. ఒకే నోరు అరవైసార్లు పుక్కిలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. యాభై రెండో స్లైడులో కణాల గింజలు ఉబ్బి, నల్లబడి, తీరు తప్పి ఉన్నాయి. రోగం మొలక అది. ఆ నంబరు తిక్కయ్యది. అప్పటి రిజిస్టరులో 'అనుమానం' అని రాసి, తర్వాత కొట్టేసి, 'పిలిపించి చూడగా ఏమీ లేదు, పొరపాటు' అని రాశారు. తిక్కయ్యకు ఏమీ లేకపోవడం నిజమే. ఇప్పటికీ గుండ్రాయిలాగా ఉన్నాడు. రోగం ఉన్నది ఆ ఉమ్ము ఎవరిదో వాళ్ళకు. వెతికితే ఇంకో రెండు స్లైడ్లలో కూడా అవే కణాలు దొరికాయి. అప్పటివాళ్ళ కంటికి అవి ఆనలేదు.

సీసాలు పట్టి పంపినవారు అన్న చోట ఒకే సంతకం ఉంది. మిల్లు దవాఖానా కంపౌండరు, భీమసేనరావు.

డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె పై ఆఫీసుకు రాస్తుంది, పై ఆఫీసు ఇంకా పై ఆఫీసుకు రాస్తుంది. కాగితం ఇచ్చిన దెబ్బకు కాగితంతో మందు రాయించుకునేంత మంచిదాన్ని కాను నేను. ఆదోనికి వచ్చి మా అమ్మ ఉచ్చీరమ్మకు చెప్పాను. ఆమె జొన్నలు చెరుగుతూ ఉంది. చేట ఆపలేదు.

"ఆయప్ప యాడుండాడు ఇప్పుడు?" అంది.

"ఎమ్మిగనూరులో. రిటైరయి చెల్లెలితో ఉండాడంట. ఆదివారం మిల్లు గేటు ముందర కొత్త సర్వే మొదలయితాది. అందరూ వస్తారు. ఆడికి తెచ్చి, ఆయప్ప నోటితోనే సెప్పిస్తా."

"సెప్పించి?"

"నీకేం కావాల్నో నువ్వు సేసుకో."

అమ్మ చేట దించింది. తర్వాత లేచి, నా సంచిలోంచి ఒక ఖాళీ సీసా తీసుకుని, ఉప్పునీళ్ళు పుక్కిలించి అందులో ఉమ్మింది. మూత బిగించి నాకిచ్చింది.

"ఆదివారం దాకా నేను ఓర్సుకోలేను పాపా. ఇది ముందర తీస్కపో."

గురువారం పదకొండు గంటలకు ఎమ్మిగనూరులో దిగాను. మగ్గాల చప్పుడు వినబడే వీధి చివర ఇల్లు. భీమసేనరావు అప్పుడే స్నానం చేసినట్టుంది. తడి ఆరని జుట్టు, భుజాల మీద గోపీచందనం ముద్రలు, మెడలో తులసిమాల. అరవై దాటినా మనిషి నిటారుగా ఉన్నాడు. నాకు మొదట కోపం వచ్చింది ఆ నిటారుతనం మీదే. మా నాయన ఈ పాటికి యాభైకి వచ్చి ఉండేవాడు.

"ఎవరు కావల్లమ్మా?" అన్నాడు. లోపలికి రమ్మనలేదు. నేనూ అడగలేదు.

"కంపౌండరు గారేనా?"

"ఒకప్పుడు."

సంచిలోంచి సీసా తీసి అరుగు మీద పెట్టాను. సగం దాకా నీళ్ళు, అడుగున తెల్లగా మడ్డి.

"ఇది మా అమ్మ ఉమ్ము. దీన్ని ఎత్తి ఆ గూట్లో పెట్టండి సాలు. నేను ఎల్లిపోతా."

ఆయన సీసాను చూశాడు, నన్ను చూశాడు. పిచ్చిది అనుకుని ఉంటాడు. నా సంచి మీద సర్వే ముద్ర చూసి, పిచ్చిది కాదని తెలుసుకున్నాడు. అప్పుడు ఆయన చేయి నిజంగానే కదిలింది. సీసాకు జానెడు దూరం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. వేళ్ళు ముడుచుకున్నాయి.

"ఇంకా పూజ కావల్ల," అన్నాడు.

"ఒక్క సీసా ఎత్తలేరే, ఆ పొద్దు అరవై ఎట్ల ఎత్తినారు?"

ఆయన అరుగు మీద చతికిలబడ్డాడు. ఎనిమిదేళ్ళ కింద జరిగింది ఈయనకు గుర్తుంటుందా, గుర్తు చేయాల్సి వస్తుందా అని దారంతా అనుకుంటూ వచ్చాను. గుర్తుంది.

"నువ్వు ఎవరి బిడ్డవు?"

"ముప్పై ఏడో నంబరు. లక్ష్మన్న కూతుర్ని. మీరు ఇచ్చిన సీటీ సూపిస్తా సూపిస్తా సచ్చిపోయినాడు."

ఇంట్లో ఎవరో ఇత్తడి చెంబు తోముతున్నారు. భీమసేనరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను ఎత్తలేదని కాదమ్మా. పద్దెనిమిది ఎత్తినాను. మూత బిగించి, తుడిచి, నంబరు అంటించి పెట్టెలో సర్దల్ల. నీ చేతులతోనే చేయల్లని ఆర్డరు. పద్దెనిమిదోది మూత జారి ఒలికింది. పొగాకు రసం, నల్లగా, మోచేతి దాకా కారింది. ఆ పొద్దు ఏకాదశి. గుటకెడు నీళ్ళు కూడా ముట్టలేదు నేను. ఎంగిలి, అందునా ఒకరిది కాదు, అరవై మందిది. ఆపైన నా వల్ల కాలేదు."

"వల్ల కాలేదని పైకి సెప్పింటే సరిపోతాండె."

"ఆ రోజుల్లోనా? అరవై అని రాసినారంటే అరవై పోవల్ల. తెల్లారి బండి వస్తాదన్నారు. పోకపోతే నా ఉద్యోగం పోయేది."

"సీసాలు ఏం సేసినారు?"

"ఎత్తినవీ ఎత్తనివీ అన్నీ దవాఖానా వెనక కాలవలో పారబోయించినాను. సీసాలు వేడినీళ్ళతో కడిగించి, నెత్తిన రెండు బిందెలు గుమ్మరించుకుని ఇంటికి పోయినాను."

ఆ మాట ఆయన చెప్పిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను. రెండు బిందెలు పోసుకున్న సంగతి, తన తరఫున సాక్ష్యంలాగా చెప్పాడు. వేపపుల్లతో రెండుసార్లు తోముకున్న నోరు కాలవలో పోయింది. ఈయన మాత్రం శుభ్రంగా ఇంటికి పోయాడు.

"మళ్ళా నింపింది మీరు కాదు," అన్నాను. "మీది ఏకాదశి. నింపింది ఆడమనిషి. నశ్యం వేసుకునే ఆడమనిషి."

అంత నిటారు మనిషీ అప్పుడు వంగాడు. "అది నీకెట్ల తెలుసు?"

"స్లైడుకు తెలుసు. ఎవురామె?"

ఆయన చూపు తలుపు వైపు పోయింది. లోపల చెంబు తోముడు ఆగిపోయింది. "మా చెల్లెలు," అన్నాడు గొంతు తగ్గించి. "గంగాబాయి. ఇరవై ఏళ్ళకే మొగుడు పోయి మా ఇంటికి వచ్చింది. దానికి పంటినొప్పి ఉండేది. మందని చెప్పినాను. పుక్కిలించి సీసాల్లో పోయమన్నాను."

"ఆమెకు ఏకాదశి లేదా?"

ఆయన తులసిమాల సర్దుకున్నాడు. ఆయనకు ఉన్న ఏకాదశి ఆమెకు లేదా అని మళ్ళీ అడిగాను. విధవకు ఇంకా గట్టిగా ఉంటుందని మాకు తెలియదా, మంత్రాలయం వీధుల్లో తిరగనివాళ్ళమా.

"మందుకు అడ్డం రాదని చెప్పినాను," అన్నాడు చివరికి.

నేను ఒక స్లైడు తీశాను. పలచని కాగితంలో చుట్టి రవికలో పెట్టుకుని తెచ్చాను దాన్ని. ఎండకు పట్టి చూపించాను. ఆయనకు ఏమీ కనబడదు, నాకు తెలుసు. కనబడకపోయినా చూడాలని పట్టాను.

"ఇది యాభై రెండోది. మీ అరవై సీసాల్లో దీంట్లో రోగముండాది. సర్కారు కనిపెట్టింది. అప్పుడే మొలకలో కనిపెట్టింది. కనిపెట్టి తిక్కయ్యను పిలిపించింది. మీరు ఆయప్ప పేరు అంటించినారు గదా. తిక్కయ్య నోట్లో ఏముంటాది? రోగముండేది ఈ ఇంట్లో."

భీమసేనరావు కళ్ళు చిట్లించి గాజులోకి చూశాడు. చూడండి, నేను అబద్ధం చెప్పను. ఆ క్షణం నాకు ఎంత బాగుందో. ఎనిమిదేళ్ళలో మొదటిసారి కడుపు నిండినట్టు అనిపించింది.

"ఏముంది? ఏముంది దాంట్లో? ఎంత ఉంది?" అన్నాడు.

"ఆదివారం పది గంటలకు మిల్లు గేటు కాడికి రండి. ఆ నలుగురి పెండ్లాలు, బిడ్డలు, అందరూ ఉంటారు. మా అమ్మ ఉంటాది. ఇప్పుడు నాకు సెప్పినారే, ఏకాదశి, పద్దెనిమిది, కాలవ, అదంతా వాళ్ళ ముందర సెప్పండి. సెప్పినాక నేను సెప్తా, ఏముందో."

"రాను. ఉరేసుకుంటాను గానీ ఆడికి రాను."

"మరి ఆమె?"

ఆయన తలుపు వైపు చూశాడు. పిలుస్తాడనుకున్నాను. ఒక్క మాట పిలిచి ఉంటే, గంగా అని ఒక్కసారి అని ఉంటే, నా కోపం ఎటు పోయేదో నాకే తెలియదు.

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు," అన్నాడు. లేచి, బిందె తీసుకుని, బావి దగ్గరికి పోయాడు. మళ్ళీ స్నానానికి. సీసాను ముట్టను కూడా ముట్టలేదు, దాని పక్కన కూర్చున్నందుకే ఈ స్నానం.

బస్టాండుకు ఎట్లా నడిచానో నాకు గుర్తులేదు. పిడికిలి బిగించి నడిచినట్టున్నాను, గోళ్ళు అరచేతిలో దిగి ఉన్నాయి. ఆదోని బస్సూ, కర్నూలు బస్సూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు ఇద్దరూ ఒకే చోట టీ తాగుతున్నారు. నేను ఆదోని బస్సు నీడలో కూర్చుని, ఆదివారం ఆయన రాకపోతే ఏం చేయాలో ఆలోచిస్తున్నాను. నా చేతిలో ఉన్నవి గాజుముక్కలు. నల్లచుక్క సంగతి మిల్లువాళ్ళకు చెబితే నవ్వుతారు. పోయినసారి మోసపోయినవాళ్ళు, ఈసారి సీసాలో కాదు, నా మొహాన ఉమ్ముతారు.

"తాయీ, ఇది మర్చిపోయినావు."

తలెత్తితే ఎర్రచీర, ఆ ఇళ్ళలో విధవలు కట్టేది. నెత్తిన కొంగు గట్టిగా కప్పుకుని, చెప్పులు లేకుండా ఒక ముసలామె నిలబడి ఉంది. అంతగా ముసలామె కాదు, యాభై ఉంటాయేమో. కొంగు చివర చుట్టి పట్టుకుని ఉన్నది అమ్మ సీసా. ఆమె దాన్ని మామూలు సీసా పట్టుకున్నట్టే పట్టుకుంది.

"ముట్టుకున్నారే," అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎంగిలాకులు ఎత్తేది నేనే. నాకేం కొత్త." నా పక్కన కూర్చుంది. పరుగెత్తి వచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు. "అంతా విన్నాను. మా అన్న నీళ్ళు తోడుకుంటుంటే వెనక వాకిలిలోంచి వచ్చినాను. ఒంటరిగా ఇల్లు దాటడం ఇదే మొదలు."

కోపాన్ని ఆయన కోసం మోసుకుని వచ్చాను, ఈమె కోసం ఏమీ తేలేదు.

"ఆ పొద్దు నేను ఎంత సంతోషపడినానో నీకు తెలీదు," అంది. "నా పంటినొప్పి సంగతి మా అన్నకు తెలుసని కూడా నాకు తెలీదు. ఎప్పుడూ అడిగినోడు కాదు. నాలుగు పెట్టెల సీసాలు తెచ్చి, ఇదంతా నీకోసమే గంగా అన్నాడు. నోరు ఉప్పుతో పగిలిపోయినా పుక్కిలించినాను. ఏకాదశి నాడు నోట్లో నీళ్ళు పోసుకున్న పాపానికి ఈ ఎనిమిదేళ్ళూ ప్రతి ఏకాదశీ రెండు రోజులు చేస్తున్నాను. అంతా మీ వాళ్ళ పేర్లు అంటించనీకా?"

ఆమె ఏడవలేదు. కొంచెం నవ్వింది కూడా. తర్వాత బస్సు నీడలోంచి ఎండలోకి జరిగి, కొంగు తొలగించి, నోరు తెరిచింది.

"చూడు. ఆ యాభై రెండోది నాదే గదా. ఏముందో చూసి చెప్పు."

చూశాను. నేను డాక్టర్ని కాను గానీ ఈ ఏడాదిలో డాక్టరమ్మ పక్కన నిలబడి వందల నోళ్ళు చూశాను. కింది దవడ ఎడమ పక్క, చిగుళ్ళకూ చెంపకూ నడుమ, నశ్యం దట్టించుకునే చోట, చింతగింజంత తెల్లని పొర. దాని నడుమ ఎర్రగా గరుకు. చూపుడువేలితో నొక్కి చూశాను. అంచు ఇంకా మెత్తగానే ఉంది. అంచు గట్టిపడకముందు వస్తే కోసి తీసేస్తామని, మనిషి నడిచి ఇంటికి పోతుందని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. సరిగ్గా ఇదే పొర నేను మా గడపలో చూశాను. అప్పుడు ఎవరూ నొక్కి చూడలేదు.

"రెండు పనులు ఒకేసారి నా చేత కావు తాయీ," అంది గంగాబాయి నోరు మూసుకుని. "ఈ రోజు వెనక్కి పోతే మా అన్న మళ్ళీ గడప దాటనీడు. రోగముంటే ఆ కర్నూలు బస్సెక్కి మీ ఆస్పత్రికి పోతాను, నువ్వు చీటీ రాసియ్యి. లేదంటావా, నీతో ఆదోనికి వస్తాను. ఆదివారం గేటు కాడ నిలబడి నేనే చెబుతాను. ఆ అరవై సీసాల్లో ఉమ్మింది నేను, ఉమ్మించింది మా అన్న అని. వాళ్ళు నన్ను కొట్టినా సరే. ఒక్కసారి చెప్పల్ల."

కర్నూలు బస్సు డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఏం చెప్పమంటారు మీకు. ఆమె కర్నూలు బస్సెక్కితే ఆదివారం గేటు దగ్గర నేనూ నా గాజుముక్కలూ మిగులుతాం. భీమసేనరావు బావి దగ్గర స్నానం చేస్తూనే ఉంటాడు. ఈమె నాతో వస్తే, ఆయన సొంత చెల్లెలు, ఎర్రచీరతో, అందరి ముందర. అంతకంటే పెద్ద దెబ్బ నేను వెయ్యేళ్ళు కూర్చుని ఆలోచించినా దొరకదు. ఎనిమిదేళ్ళు ఉన్నది మూడు రోజుల్లో ఏమవుతుంది. సోమవారం పొద్దున్నే నేనే దగ్గరుండి కర్నూలుకు తీసుకుపోతాను. అనుకుంటూనే ఉన్నాను, పత్తి సీజను అయిపోయినాక పోతాలే అన్న నాయన గొంతు వినబడుతూనే ఉంది.

"నీకేమీ లేదు," అన్నాను. "మీ అన్నను బెదిరించనీకి అట్ల అంటి."

"ఏమీ లేదా?"

"దోషం లేదు."

ఆమె కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది. ఎవరికి మొక్కిందో తెలియదు. కర్నూలు బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. మేమిద్దరం ఆదోని బస్సెక్కాం. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. బయట జొన్నచేలు, పత్తిచేలు చూస్తూ చిన్నపిల్లలాగా మెడ తిప్పుతూ కూర్చుంది.

ఊరు దాటాక రొంటిన దోపుకున్న చిన్న డబ్బీ తీసింది. నశ్యం డబ్బీ. కొంచెం సిగ్గుపడుతూ నా వైపు చూసింది.

"విన్నప్పటి నుంచి భయమేసి ముట్టలేదు. ఏమీ లేదన్నావు గదా, ఒక్క చిటికె."

నేను ఏదో అనబోయాను. బస్సు గుంతలో పడి ఎగిరింది. పొడి ఒలికిపోతుందని ఆమె డబ్బీ నా చేతిలో పెట్టింది.

మూత తీసి పట్టుకున్నాను.